బొట్టు పెట్టిన మిషను

"మిషను యాడమ్మా?" అని అడిగింది ఆమె.

కిటికీ పక్కనున్న మూలకేసి చూస్తూ అడిగింది. మంచం మీద ఉన్నది ఆమె మరిది, పాతికేళ్ళు దాటని మనిషి. తెల్లవారగానే చేన్లో వేరుశనగ కుప్ప తిరగేస్తుంటే మణికట్టు మీద నాగుబాము కరిచింది. చంపిన పామును గోనెసంచిలో వేసి అది కూడా తెచ్చారు. సంచి గేటు బయట పడి ఉంది. నేను వార్డులోకి పోయేసరికి అతని కనురెప్పలు సగానికి వాలిపోయాయి. కళ్ళు తెరవమంటే నొసలు ముడతలు పడుతోంది గాని రెప్పలు లేవడం లేదు. విరుగుడు మందు సెలైన్లో ఎక్కుతోంది. డాక్టరమ్మ అతని గడ్డం పట్టుకుని గొంతులో చేరిన నురగ తీస్తోంది.

"పోయినేడు ఈ మూలనే గదా ఉండింది," అంది ఆమె మళ్ళీ. "నేను బొట్టు పెట్టినానే, ఆ మిషను. యాడ పెట్టినారు దాన్ని?"

ఆ మూలలో ఇప్పుడొక గాజుపెట్టె ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను వెచ్చగా పెట్టే పెట్టె. దాని మీద పసుపు రాసి ఉంది. నాలుగు మూలలా కుంకుమ ఉంది.

డాక్టరమ్మ తలెత్తకుండానే చెప్పింది. "ఆ ఊపిరి మిషను లేదమ్మా. కంపెనీవాళ్ళు తీసుకుపోయినారు."

"అట్లెట్ల తీసుకపోతారు? పనిచేసే మిషన్ను?"

డాక్టరమ్మ నురగ తీస్తూనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన నలుగురైదుగురిలో నేనూ ఒకణ్ణి. పొద్దున్నే ఆస్పత్రికి పోయి, రాత్రి ఎన్ని ప్రమాదాలు, ఎన్ని పాముకాట్లు అని కనుక్కుని పేపరుకు పంపడం నా రోజువారీ పని. ఆ పని మీదే పోయి, చేతిలో పెన్ను పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఊరి పేరు రాయను. నగరి దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు, చుట్టూ వేరుశనగ చేన్లు. తిరుపతికి పోవాలంటే బస్సులో పొద్దంతా పోయినట్టే ఉంటుంది. ప్రభుత్వాస్పత్రిలో కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు బాగానే జరిగేవి. ఎందుకంటే అక్కడ మత్తు డాక్టరు ఉండేది. ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టర్లు ఆ రోజుల్లో చిన్న ఊళ్ళకు రావడం అరుదు. ఆమె వచ్చింది, వచ్చి ఉండిపోయింది. మనిషి సన్నగా, మాట తక్కువగా ఉండేది.

వేరుశనగ పీకే కాలంలో ఆమెకు ఇంకో పని పడేది. నాగుపామో కట్లపామో కరిస్తే మొదట రెప్పలు వాలతాయి, తర్వాత మాట పోతుంది, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. మందు పనిచేస్తుంది గాని దానికి సమయం పడుతుంది. అంతవరకూ మనిషికి బదులు ఇంకొకరు ఊపిరి పోయాలి. గొంతులో గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, ఆ సంచిని చేత్తో నొక్కుతూ ఉండాలి. ఒక పూట, ఒక్కోసారి రెండు పూటలు. నర్సులు నొక్కేవాళ్ళు, తర్వాత రోగి తమ్ముళ్ళు, బావమరుదులు వంతులేసుకుని నొక్కేవాళ్ళు. కునుకు పట్టినా, పక్కవాడితో మాట్లాడుతూ ఏమారినా అంతే. అట్లా ఏమారినవాళ్ళను నేను చూశాను. వాళ్ళ గురించి పేపర్లో రాయలేదు.

ఆస్పత్రికి అభివృద్ధి కమిటీ అని ఒకటి ఉండేది. సూపరింటెండెంటు, ఎమ్మార్వో, వ్యాపారుల తరఫున ఒక గుడ్డలకొట్టు సెట్టిగారు, పత్రికల తరఫున నేను. మా పని దాతలను వెతకడం, వాళ్ళిచ్చే డబ్బుతో ఏ పరికరం కొనాలో చూసి, బాగుందో లేదో తేల్చడం. ఊపిరి మిషను ఒకటి కావాలని డాక్టరమ్మ మొదటి సమావేశంలోనే అడిగింది. ప్రభుత్వానికి రాశారు. మీది ఆ మిషను ఇచ్చే స్థాయి ఆస్పత్రి కాదని జవాబొచ్చింది. ఆ జవాబులో తప్పేమీ లేదు. స్థాయి లేదు, నిజమే. పాములకు ఆ సంగతి తెలియదు, అంతే.

అప్పుడు మద్రాసు నుంచి ఒక కంపెనీ కుర్రాడు వచ్చాడు. మెడకు టై, చేతిలో తోలు సంచి, అరవం కలిసిన తెలుగు. మిషన్ను బల్ల మీద పెట్టి, దానికి ఒక రబ్బరు తిత్తి తగిలించి, ఇదే రోగి అనుకోండి అన్నాడు. తిత్తి పొంగింది, అణిగింది. మళ్ళీ పొంగింది. మేమందరం మెడలు చాచి చూశాం.

"సైకిలు పంపు కంటే ఇదేం గొప్పబ్బా?" అన్నాడు సెట్టిగారు.

"సైకిలు పంపు ఎక్కువ కొడితే ట్యూబు పగుల్తాది గదా సెట్టిగారూ," అంది డాక్టరమ్మ. "ఇది ఎంత కొట్టాల్నో అంతే కొడ్తాది. నిద్రపోదు. పక్కవాళ్ళతో మాట్లాడదు."

"కరెంటు పోతే?" అని ఎమ్మార్వో అడిగాడు.

"బ్యాటరీ ఉంది సార్, అరగంట వస్తుంది," అన్నాడు కుర్రాడు.

సెట్టిగారు గట్టిగా నవ్వాడు. "నాయనా, ఈ ఊర్లో కరెంటు పోతే అరగంటలో వచ్చేదానికి అది నీ మాదిరి టై కట్టుకోనుండ్లా."

కుర్రాడూ నవ్వాడు. మంచివాడు. మాటలతో ఏం తెలుస్తుంది, కొన్నాళ్ళు పెట్టిపోతాను, మీరే వాడి చూడండి అన్నాడు. పరికరం బాగుందో లేదో తేల్చేదానికి అంతకంటే మంచి పద్ధతి లేదని మేమంతా ఒప్పుకున్నాం. కిటికీ పక్క మూలలో, ప్లగ్గు దగ్గర బల్ల వేయించి దాన్ని పెట్టారు.

ఆ రోజుల్లోనే కట్లపాము కరిచి వచ్చింది, తర్వాత మిషను యాడని అడిగిన ఆ ఆడమనిషి. నేల మీద పడుకుని ఉంటే కరిచింది. ఆస్పత్రి మెట్ల దగ్గర మాట పడిపోయింది, వార్డులో ఊపిరి ఆగింది. డాక్టరమ్మ గొట్టం వేసి మిషను తగిలించింది. ఆమె ఛాతీ లేచి పడుతుంటే చుట్టూ చేరిన వాళ్ళ ఊరివాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా బ్యాటరీ అయ్యేదాకా మిషను, అయ్యాక నర్సు చేతులు.

ఇంతలో కుర్రాడు మిషను కోసం వచ్చాడు. వేలూరు వైపు ఇంకో ఆస్పత్రికి చూపించాలట. వార్డులోకి వచ్చి చూసి, బయటికి పోయి వరండాలో బెంచీ మీద కూచున్నాడు. మధ్యమధ్య లేచి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు పోయి, లారీ దొరకలేదు సార్, రేపు బయలుదేరతాను సార్ అని మద్రాసుకు అబద్ధం చెప్పి వచ్చేవాడు. ఆ బెంచీ మీదే రెండు రాత్రులు పడుకున్నాడు. ఆ ఆడమనిషి కళ్ళు తెరిచి, గొట్టం తీశాక గొంతు బొంగురుపోయి నీళ్ళడిగేవరకూ ఉన్నాడు.

మిషన్ను తీసుకుపోయే రోజు ఆమె లేచి కూచుంది. మొగుడితో కుంకుమ తెప్పించి, మిషను మీద పెద్ద బొట్టు పెట్టి దండం పెట్టింది. నర్సు గుడ్డ తడిపి తెచ్చింది. "వద్దు సిస్టర్, ఉండనీండి," అన్నాడు కుర్రాడు. బొట్టుతోనే మిషను వేలూరు పోయింది.

మిషను మంచిదా కాదా అని మా కమిటీలో ఆ తర్వాత చర్చే జరగలేదు. దాత దొరకడమే తరువాయి అనుకున్నాం.

దాత దొరికాడు కూడా. నగరిలో మరమగ్గాలు నడిపే పెద్దాయన, ఆస్పత్రికి ఒక మిషను ఇచ్చే మొక్కు ఉందని తనంతట తానే కబురు పెట్టాడు. డాక్టరమ్మ ఆ పూట మొదటిసారి మా అందరికీ కాఫీ తెప్పించింది. మర్నాడు ఆయన వచ్చి కూచుని విషయం చెప్పాడు. ఆయన మనవడు ఏడో నెలలో పుట్టాడు. మద్రాసులో గాజుపెట్టెలో పెట్టి బతికించారు. ఆయన భార్య గాజు బయట నిలబడి తిరుచానూరు అమ్మవారికి మొక్కుకుంది. బిడ్డ ఇంటికొస్తే, ఇట్లాంటి పెట్టె లేని ఊరికి ఒక పెట్టె ఇప్పిస్తానని.

"పెట్టె," అన్నాడు సూపరింటెండెంటు.

"అవును సార్, పెట్టె."

మా ఆస్పత్రిలో పిల్లల డాక్టరు లేడు. నెలలు నిండని బిడ్డ పుడితే దూదిలో చుట్టి తిరుపతికో వేలూరుకో పంపడమే పద్ధతి. ఊపిరి మిషను గురించి డాక్టరమ్మ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అది నా చేతిలో లేదమ్మా, మొక్కింది మా ఇంట్లో వాళ్ళు," అన్నాడు. రెండూ ఇచ్చే శక్తి తనకు లేదనీ, మగ్గాలు కరెంటు ఉన్నప్పుడే ఆడుతున్నాయనీ దాచకుండా చెప్పాడు.

దాంతో నేనూ డాక్టరమ్మా బస్సెక్కి నగరి పోయాం. ఆయన ఇంటి ముందు భాగమంతా మగ్గాల షెడ్డే. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. పెద్దామె మాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా చాప మీద కూచుంది. నడక నేర్చుకుంటున్న మనవడు నూలు కండె ఒకటి పట్టుకుని షెడ్డు తలుపుకేసి పోతుంటే, చీర కుచ్చెళ్ళలోకి లాక్కుని కూచోబెట్టుకుంది. డాక్టరమ్మ అరిచి చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. పాము సంగతి, సంచి నొక్కడం సంగతి, అన్నీ అరిచి చెబుతోంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"మనిషి సచ్చిపోతాడు!" అన్న ఆమె అరుపు ఒక్కటే ఆ ఇంట్లో మిగిలింది.

కూలీలు షెడ్డులోంచి తొంగి చూశారు. డాక్టరమ్మ సిగ్గుపడి తలొంచుకుంది. పెద్దామె మనవడి తల మీద చెయ్యి వేసి, నెమ్మదిగా మాట్లాడింది.

"మీరు చెప్పేది న్యాయమే డాక్టరమ్మా. నేను కాదన్ల. నాకు సదువు లేదు గానీ అర్థం కాకుండా లేదు. ఆ పొద్దు గాజు బయట నిలబడుకోని నేను ఏ మాట అన్నానో, ఆ మాటకే వీడు ఇంటికొచ్చినాడు. ఇప్పుడు నేను మాట మార్చినా అనుకోండి. రేపు వీనికి జొరమొచ్చినా, కాలు జారి పడినా, నా వల్లనే అనుకుంటా. అట్ల అనుకుంటా బతకాల్సిందే గదా నేను."

"అమ్మవారు అట్ల చేస్తాదా పెద్దమ్మా?" అన్నాన్నేను.

"అమ్మవారు సెయ్యదు నాయనా. నా మనసు చేస్తాది." డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీరు పెద్ద సదువు చదివినోళ్ళు. ఒక్క మాట చెప్పండి. మాట మార్చినా వీనికి ఏమీ కాదని మీ నోటితో చెప్పండి. రాసిచ్చేది గూడా వద్దు. మీరు అంటే నమ్ముతా. మీరడిగిన మిషనే ఇస్తా."

పిల్లాడు కండె నోట్లో పెట్టుకుని డాక్టరమ్మనే చూస్తున్నాడు. ఆమె పిల్లాణ్ణి చూసింది. నాలుక చివరిదాకా వచ్చిందేమో మాట. కాఫీ గ్లాసు కింద పెట్టి, "వస్తామమ్మా," అంది.

బస్టాపులో నేను ఆగలేకపోయాను. "ఏమీ కాదు అని ఒక్క మాట అనేసుంటే అయిపోయేది గదా మేడమ్?"

ఆమె రోడ్డు మీద చూపు తిప్పలేదు. "ఆపరేషను థియేటరు బయట రోజూ అందరూ నన్ను అడిగేది అదే మాట. లోపలికి తీసుకుపోతా ఉంటే చెయ్యి పట్టుకుని అడుగుతారు, ఏమీ కాదని చెప్పండి మేడమ్ అని. ఇన్నేళ్ళలో ఒక్కరికి గూడా చెప్పలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం అంటాను. అంతకు మించి మా నోట్లో రాదు."

బస్సు వచ్చింది. సీటు దొరక్కుండా నిలబడే వచ్చాం. దారిలో ఆమె ఇంకో మాట అంది. "ఆమె తావులో నేనున్నా అట్లనే చేస్తా."

తర్వాత కమిటీ కూచుంది. గాజుపెట్టె వద్దంటే దాత ఇంకో ఊరికి ఇస్తాడు, మనకు రెండూ లేకుండా పోతాయి అన్నాడు సూపరింటెండెంటు. అదీ నిజమే. మూడు కంపెనీల పెట్టెలు చూసి, ఒకటి మంచిదని తేల్చి, సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. డాక్టరమ్మే అన్నిటికంటే జాగ్రత్తగా చూసింది. వేడి ఎక్కువైతే గంట మోగుతుందా, గాజు తలుపు ఒంటిచేత్తో తెరవచ్చా అని అడిగింది. తనకు అక్కర్లేని వస్తువును అంత శ్రద్ధగా పరీక్షించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పెట్టె వచ్చిన రోజు పూలమాల, కొబ్బరికాయ, అయ్యవారు. కర్పూరం వెలిగించబోతుంటే నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యో సామీ, పక్కన ఆక్సిజన్ సిలిండరు ఉండాది! అంటుకున్న్యాదంటే హారతి మన అందరికీ ఇచ్చేస్తాది. బయటికి తీసుకపోండి సామీ!" అందరూ నవ్వారు. హారతి వరండాలో ఇచ్చారు. వార్డులో ప్లగ్గు ఆ మూలలోనే ఉంది గనుక పెట్టెను ఆ మూలలోనే పెట్టారు. పెద్దామె పెట్టె గాజుకు నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది. ఆ రోజు ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ ఇది వృథా అనరు.

వృథా కాలేదు కూడా. చలికాలంలో ఒక నేతపనివాళ్ళింటి ఆడబిడ్డ, కవలల్లో చిన్నది, వేలూరుకు బండి దొరికేవరకూ అందులోనే వెచ్చగా ఉండి బతికింది. నగరి పెద్దామె వచ్చి ఆ బిడ్డకు గౌను కుట్టించి ఇచ్చిపోయింది. అందుకే ఈ కథలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

ఊపిరి మిషను కోసం ఇంకో దాతను వెతుకుతూనే ఉన్నాం. మళ్ళీ వేరుశనగ పీకే కాలం వచ్చింది.

ఆ పొద్దున వార్డులో ఆమె "అట్లెట్ల తీసుకపోతారు" అని అడిగాక, ఆమె మొగుడు ముందుకొచ్చాడు. బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. "డాక్టరమ్మా, మేం నేరుగా తిరుపతికే పోదామనుకున్న్యాం. ఇదే వద్దనింది. నన్ను బతికించిన మిషను ఆడనే ఉండాది, ఆడికే పోదాం పాండి అనింది."

డాక్టరమ్మ రోగి తల వెనక్కి వంచింది. తర్వాత గొంతులో గొట్టం వేసింది, సంచి తగిలించింది. అదే సమయానికి థియేటరులో ఒక గర్భిణి కోతకు సిద్ధంగా ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. మత్తిచ్చేది ఈమె ఒక్కతే. తిరుపతి దాకా జీపులో తోడు పోవడానికి లేదు. నర్సును పంపింది. రోగి అన్నకు, అంటే ఆమె మొగుడికి, సంచి చేతిలో పెట్టి చెప్పింది.

"నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా నొక్కు. నువ్వు వదిలినప్పుడు వదులు. ఇంకేం ఆలోచించద్దు. నీ ఊపిరే వాని ఊపిరి."

సెలైను సీసా పట్టుకోవడానికి మనిషి కావాలంటే నేనూ జీపెక్కాను.

పుత్తూరు వరకూ అన్న బాగానే నొక్కాడు. తర్వాత భయానికి అతని ఊపిరే వేగమయ్యింది, చెయ్యీ వేగమయ్యింది. "నిదానం అన్నా, నిదానంగా ఊపిరి తీసుకో," అంటూ నర్సు అతని భుజం మీద చెయ్యి వేసి కూచుంది. చేతులు తిమ్మిరెక్కితే కాసేపు తను నొక్కేది, మళ్ళీ అతను లాక్కునేవాడు. ఒక రైలు గేటు పడి ఉంటే ఆగాం. ఎదురు సీట్లో ఆమె మరిది పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వాటిని రుద్దుతూ ఉంది.

తిరుచానూరు దగ్గరకొచ్చేసరికి అమ్మవారి బ్రహ్మోత్సవాల జనం. లాడ్జీల ముందు బస్సులు, రోడ్డు మీద గుండ్లు కొట్టించుకున్న తలలు, ఇరువైపులా పూలబుట్టలు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. పూలమ్మే ఆడవాళ్ళు లోపలికి తొంగి చూసి, బుట్టలు వెనక్కి లాక్కుని, "తప్పుకోండి, తప్పుకోండప్పా, మనిషి ఉండాడు!" అని జనాన్ని నెట్టి దారి చేశారు. వాళ్ళు గానీ లేకపోతే ఇంకా ఆలస్యమయ్యేది. ఆమె గుడి గోపురం వైపు చూడలేదు. నేను గమనించాను.

తిరుపతిలో పెద్దాస్పత్రికి చేరేసరికి అతని నాడి కొట్టుకుంటూ ఉందని నర్సు చెప్పింది. అక్కడ ఊపిరి మిషన్లున్నాయి. ప్రతి మిషను కిందా ఒక మనిషి ఉన్నాడు. ఒకరిది తీసి ఇంకొకరికి ఎట్లా పెడతారు? ఒకటి ఖాళీ కాగానే ఇస్తాం, అంతవరకూ నొక్కుతూ ఉండండి అన్నారు. వాళ్ళు కసిరి చెప్పలేదు. అక్కడి కుర్ర డాక్టరు ఒకతను తను కూడా వచ్చి కాసేపు నొక్కాడు. తర్వాత ఇంకెవరో వస్తే అటు పరిగెత్తాడు.

వరండాలో స్ట్రెచరు మీద అతను, తల దగ్గర అన్న. మధ్యాహ్నం దాటింది. నేను బయటికి పోయి టీ తెచ్చాను, ఎవరూ తాగలేదు. గొట్టం ఎప్పుడు పక్కకు జరిగిందో, గుండె ఎప్పుడు అలిసిపోయిందో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. కుర్ర డాక్టరు మళ్ళీ వచ్చి కళ్ళలోకి లైటు వేసి చూశాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నర్సు ముఖంలోకి చూశాడు.

"ఇంక ఆపన్నా," అంది నర్సు.

అతను ఆపలేదు.

"అన్నా, ఇంక సాలన్నా."

"ఎట్ల ఆపేది సిస్టర్?" అన్నాడు అతను, నొక్కుతూనే. "నేను ఊపిరి తీస్తానే ఉండాను గదా."

అతని చేతిలోంచి సంచి తీసుకోవడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నేను పేపరుకు మూడు వాక్యాల వార్త పంపాను. పాముకాటుతో యువకుడి మృతి. అందులో ఏ మాటా అబద్ధం కాదు.

ఆ తర్వాత డాక్టరమ్మ ఒకసారి చనిపోయినతని ఊరికి పోదామంది. పాము కరిస్తే మా దగ్గరికి రావద్దు, నేరుగా తిరుపతికి పోండని చెప్పాలని ఆమె ఆలోచన. ఇద్దరం బస్టాండు దాకా పోయాం. అక్కడ ఆమె ఆగిపోయింది.

"మందు మన దగ్గర ఉండాది," అంది. "మొదటి గంటలో మందు పడితే సగం మందికి ఊపిరే ఆగదు. తిరుపతికి పొమ్మంటే ఆ గంట దావలో పోతాది. అట్ల పోయి దావలో సచ్చిపోయినోళ్ళకు నేనే గదా చెప్పినట్టు?"

"అయితే రమ్మని చెబుదామా?"

"రమ్మని మాత్రం ఎట్ల చెప్పేది?"

బస్సు వచ్చింది, మేం ఎక్కలేదు. ఏం చెప్పాలో తేలాక పోదాం అనుకున్నాం. ఆమె బదిలీ అయి పోయేవరకూ తేలలేదు. నేను కూడా కొన్నాళ్ళకు చిత్తూరు ఆఫీసుకు మారిపోయాను. అక్కడ సబెడిటరుగా వేరుశనగ కాలంలో ఏటా ఆ మూడు వాక్యాల వార్త నా బల్ల మీదికి వచ్చేది, ఊరి పేరు మాత్రం మారుతూ.

ఈ మధ్య ఒకసారి పనుండి అటు పోయినప్పుడు వార్డులోకి తొంగి చూశాను. ఆ నర్సు ఇంకా అక్కడే ఉంది, తలలో వెంట్రుకలు నెరిశాయి. గాజుపెట్టె ఆ మూలలోనే ఉంది, కుంకుమ కొత్తగా పెట్టినట్టే ఉంది. ఏటా మనవడి పుట్టినరోజుకు నగరి వాళ్ళు వచ్చి పెట్టిపోతారట. పిల్లాడు బడికి పోతున్నాడు. పెట్టె పక్కన గోడకు మేకు కొట్టి రబ్బరు సంచి తగిలించి ఉంది.

ఆ ఊరివాళ్ళ సంగతి అడిగాను. పాము కరిస్తే ఎక్కడికి పోతున్నారని.

"ముందు ఈడికే వస్తారు సార్," అంది నర్సు. "మిషనుకు బొట్టు పెట్టినామె బతికే ఉండాది గదా. పొద్దన లేస్తే ఊరంతా ఆమెనే చూస్తా ఉంటారు. ఈడనే గదా బతికింది అంటారు."

ఊపిరి మిషను ఇంకా రాలేదు.